మూడు వందల తెల్ల పట్టీలు

ఆంగెరాన్ దొర తన సైనికులు పక్షం గుర్తుగా భుజాన కట్టుకునే తెల్ల పట్టీలు మూడు వందలు తెచ్చి నా అద్దకం తొట్టి పక్కన కుప్ప పోయించాడు.

"రేపటికల్లా ఎర్రగా అద్దాలిరా. ఇక మేం బర్గండీ పక్షం."

"నిన్నటిదాకా వాళ్లనే నరకమన్నారు కదా దొరా?"

"నిన్నటి సంగతి నీకెందుకు? కొన్నిటికి నెత్తురంటింది, నీకు రంగు కలిసొస్తుందిలే," అని నవ్వాడు.

నెత్తురంటిన ఒక పట్టీకి మా అమ్మ కుట్టిన అంచు ఉంది. అది మా తమ్ముడు పెరాన్‌ది. ఈ దొర తరఫున పోరాడుతుంటేనే వాణ్ణి బర్గండీ వాళ్లు చంపారు. దొర ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆ ఒక్కటీ దాచుకుని మిగతావన్నీ అద్దాను. రంగు చూసి దొర మెచ్చుకున్నాడు.

పొద్దున్నే తనూ ఒక ఎర్ర పట్టీ కట్టుకుని, తెల్ల పట్టీ కనబడితే నరికేసే కొత్త స్నేహితుల దగ్గరికి బయల్దేరాడు. సేన్ నది మీద వాన మబ్బు పట్టింది.

రంగు నిలవడానికి వేసే పటిక నేను వెయ్యలేదు.