ముద్ద గట్టిపడేలోగా

కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన నోరు తెరవగానే పళ్ల డాక్టరమ్మ చేతిలోని అద్దం ఆ నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది.

పళ్లు చూసి కాదు. చూడ్డానికి అక్కడ పళ్లెక్కడున్నాయి గనక! ముందువరసంతా ఖాళీ. ఆమెను ఆపింది ఆ వంకర ముక్కు, ఎడమ కనుబొమ్మను చీల్చిన పాత గాటు. చిన్నప్పుడు మంచం పక్కన గోడకు అంటించుకుని, కళ్లు మూతలు పడేదాకా చూసుకున్న మొహం అది. బాక్సింగ్ రింగులో దిగితే ఆయన్ని జనం ‘పిడుగు’ అనేవారు.

"ఏంటి డాక్టరమ్మా, అలా చూస్తున్నావ్? మనవరాలి పెళ్లిలోగా పళ్లు కావాలి నాకు. బోసినోటితో ఫొటో దిగితే వియ్యాలవారు నన్ను తేలిగ్గా ఓడించెయ్యొచ్చు అనుకుంటారు."

నర్సు పకపకా నవ్వింది. డాక్టరమ్మకు నవ్వు రాలేదు.

"మిమ్మల్ని నేనెరుగుదును సార్."

"పళ్లున్న రోజుల్లోనా?"

ఆమె గబగబా అచ్చు తీసే ముద్ద కలిపి, చిన్న పళ్లెంలో నింపి, ఆయన పైచిగురుకు అదిమి పట్టుకుంది.

"గట్టిపడేదాకా కదలకండి. మాట్లాడకండి."

ఆయన బుద్ధిమంతుడిలా తలూపబోయి, నాలిక్కరుచుకునే వీలు కూడా లేక, బిగుసుకుపోయాడు.

నర్సును ఏదో వంకపెట్టి బయటికి పంపింది. ఎదుటి మనిషి నోరు కట్టేసి తన గుండె విప్పుకోవడం పిరికిపనే. కానీ ఏం చేస్తుంది పిచ్చితల్లి? ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా దిగబడిపోయిన మాట. నోరున్న మనిషి ముందు అది ఊడి రాదు.

"మీ ఆఖరి పోటీ చూశాను సార్. ముందువరసలో, అమ్మ పక్కన. మా ఇంట్లో అందరూ అవతలి ఆయన వైపే. నేనొక్కదాన్నే మీ పార్టీ. ఇంటిదొంగా అని ఏడిపించేవాళ్లు నన్ను."

పెద్దాయన కళ్లు ఆమెవైపు తిరిగాయి.

"అవతలి ఆయన తూలిపోతున్నాడు. తాళ్లు పట్టుకు వేలాడుతున్నాడు. అమ్మ నా నోరు మూయబోయింది. నేను విదిలించుకుని, కుర్చీ ఎక్కి, కొట్టు, ఇంకొక్కటి కొట్టు అని అరిచాను. మీరు కొట్టారు."

ఆమె పళ్లెం మీద వేలు ఇంకాస్త అదిమింది.

"ఆయన మళ్లీ లేవలేదు కదా సార్. అమ్మ మీ బొమ్మ చింపి చెత్తలో పడేసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ మీ పేరెత్తలేదు. నేను మాత్రం ఆ ముక్కలు ఏరి దాచుకున్నాను. ఇవాళ మిమ్మల్ని చూడగానే ముందు సంతోషమే వేసింది. సిగ్గులేని మనసు."

ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. దూదితో అద్దింది. అప్పటికి ముద్ద గట్టిపడింది.

పళ్లెం ఊడదీశాక ఆయన నోరు పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, దాన్ని ఆమె చేతికిచ్చాడు.

"నీ కేక విని కొట్టలేదు తల్లీ. హాలు హాలంతా అరుస్తోంది ఆ పూట. చెయ్యి నాది. అందుకే మళ్లీ గ్లౌజు తొడగలేదు. చిన్నపిల్లవి, నీకెందుకమ్మా ఆ పాపంలో వాటా? దులిపేసుకో."

ఆమె తువ్వాలు మడిచి మళ్లీ విప్పింది.

ఆ బరువు కాస్త దించుదామనుకున్నాడో ఏమో, పెద్దాయన బోసినోటితో నవ్వాడు.

"అయినా పసిపిల్లని అలాంటి ఆటకి తీసుకొచ్చిందెవరు, మీ నాన్నా? ఆయనకి పెట్టాలి నాలుగు చీవాట్లు! మీ అమ్మ పక్కనే కూర్చున్నాడా ఏం?"

"నాన్న కూర్చోలేదు సార్, రింగులో మీకు ఎదురుగా నిలబడ్డాడు," అంది డాక్టరమ్మ.