బ్యారన్‌లో ఎవరూ లేరు

తాను ఖాళీ అని కబురు పంపిన కట్టడంలో మనిషి ఉంటాడేమోనన్నదే నీలవేణికి అన్నిటికంటే పెద్ద భయం. ఇప్పుడు సేద్యమంతా యంత్రాలదే. పొగాకు ఆకును వేడిమీద ఎండబెట్టే బ్యారన్లు పాడుబడ్డాయి. పొద్దుగూకే వేళ వాటిని ఫొటో తీసి, ఖాళీయో కాదో ఆఫీసుకు పంపడం ఆమె పని. ఖాళీ అన్నవాటిని తెల్లారేసరికి యంత్రాలు నేలమట్టం చేస్తాయి.

చంకలో పాపతో కందుకూరు అవతలి బ్యారన్ ముందు నిలబడింది. ఒంటి వేడిని బట్టి మనిషిని పసిగట్టే కెమెరా ఖాళీ అంది. ఎండకు కాగిన గోడలూ మనిషి ఒళ్లూ ఒకేలా వెచ్చగా ఉంటే దానికేం తెలుస్తుంది? అందుకే కేకేసింది.

"లోపల ఎవరన్నా ఉండారా?"

"ఎవురూ లేరు, పోమ్మా!" అంది తలుపు సందులోంచి ఓ ముసలి గొంతు.

"తాతా, తెల్లారితే కూల్చేస్తారు. బయటికి రా!"

"నా చేత్తో కట్టిన బ్యారను. నేన్రాను. ఆ బిడ్డకి మంచు తగలదా? ఇంటికి పో."

'మనిషి ఉన్నాడు' అని పంపి, కళ్లు తుడుచుకుంటూ కదిలింది. ఆ మాట కూల్చివేతను ఒక్కరోజే ఆపుతుంది. రేపు ఆమెది వేరే ఊరు; ఇక్కడికొచ్చేవాళ్లు కేకేయకుండా కెమెరా మాటే పంపేస్తారేమో. పొద్దుగూకేటప్పుడు మీరెవరైనా అటు పోతే, కాస్త ఆగి తాతను కేకేయండి.