వైశాలి ఇచ్చిన నంబరు

"అంత మంచిగనే ఉందమ్మా. గానీ నీ పని తెలిసినోళ్ల నంబర్ ఒకటియ్యి. గల్లా పెట్టె కాడ కూసోబెట్టేటోళ్ల గురించి అడగకుంటె ఎట్ల?" అన్నాడు అమర్‌నాథ్. వికారాబాద్‌లో ఆయనది పెద్ద బట్టల దుకాణం.

వైశాలి వెంటనే తాండూరులో దుకాణమున్న అత్త పుష్పమ్మ నంబరు ఇచ్చింది. భర్త గిరీష్ చనిపోయిన నెలకే అత్త ఆమెను పుట్టింటికి పంపేసింది. తన కోడలు పరాయి దుకాణంలో కూర్చుంటుందని తెలిస్తే, పరువు కోసమైనా వెనక్కి పిలుస్తుందని వైశాలి ఆశ.

అమర్‌నాథ్‌కు చెవులు మందం. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, మీ కోడలు మా దగ్గర పని అడగనీకి వచ్చింది. ఎసొంటి మనిషి?"

అటునుంచి ముందు దగ్గు వినిపించింది.

"బంగారమసొంటి పిల్ల సేట్! మా దుకాణం నడిపిందే ఆమె. ఒక్క గిరాకీని ఉత్త చేతులతోటి పోనియ్యకపోయేది."

వైశాలి ముఖం వెలిగిపోయింది. ఒళ్లో ఉన్న సంచిని దగ్గరికి లాక్కుంది.

"గంత మంచిదైతె మరెందుకు పంపిన్రమ్మా?"

మళ్లీ దగ్గు.

"ఆమె గల్లా కాడ కూసుంటె, పక్కన నా కొడుకు కూడ కూసున్నట్టే కనవడ్తది సేట్. నాతోని అయితలేదు. ఆమెకు పని ఇయ్యున్రి. మల్ల ఇటు దిక్కు రాకుండ జూడున్రి."

ఫోన్ పెట్టేసింది.

"రేపటి నుంచి రా బిడ్డా," అన్నాడు అమర్‌నాథ్ మెల్లగా.

వైశాలి తలూపింది. ఫోన్ వైపే చూస్తూ అంది.

"దగ్గుతున్నది సేట్. మందులేసుకుంటున్నదో లేదో, జర అడగకపోతిరి."