ఇంటి మడి

“బాబూ, నాకు పురుగు తొలిసిన కేబేజీలే కావాల.”

గంగరాజు కోత ఆపి చూశాడు. గట్టు మీద నడివయసు మనిషి. మొహం ఎరగడు. పాతపట్నం నుంచి బస్సెక్కి వచ్చిందట.

“పురుగులవి ఏటి సేసుకుంటావు? మంచివున్నాయి, పట్టుకెళ్లు.”

“వాటికి మందు కొడతారు కదా. ఇంటికని ఏరే మడి ఏసుకుంటారట, దానికి కొట్టరట. అందులోవి ఇయ్యి.”

గంగరాజుకి ఒళ్లు మండింది. నాగావళి ఒడ్డున కూరగాయలు పండించే ప్రతివాడికీ రెండు మళ్లుంటాయి. సంతకు పోయే మడికి కోతకు ముందురోజు దాకా మందు కొడతారు. నూతి పక్కనుండే ఇంటి మడి మీద చుక్క పడనివ్వరు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు.

“ఎవులికి?” అన్నాడు.

“మా ఇంట్లో మనిషికి. కేన్సరు. ఆపరేషనయ్యింది. కేబేజీలోనూ ముల్లంగిలోనూ ఏదో ఘాటు సరుకు ఉంటాదట. ఆ రోగం రాకండా కాపు కాస్తాదేమోనని పరిశోధనలు సేస్తన్నారట. డాక్టరుబాబు సెప్పినాడు.”

“తింటే తగ్గిపోద్దన్నాడా?”

“అన్నేదు. మందులు మానొద్దన్నాడు. అవి మింగుతూ ఇవీ తినమన్నాడు. మళ్లీ తిరగబెట్టకుండా ఉంటాదేమోనని మా ఆశ.”

“కేబేజీలకే రోగాలు పోతే ఇంక ఆస్పత్రులెందుకమ్మా” అని నవ్వాడు గంగరాజు. ఆమె నవ్వలేదు.

వెనకనుంచి అతని భార్య నీలవేణి గొణిగింది. “ఇంటి మడిలోవి మన పిల్లలకే సాలవు. దారినపోయేవోళ్లకి ఇస్తావేటి?”

గంగరాజు బుర్ర పాదరసం. సంత మడిలో పురుగు పట్టిందని వ్యాపారి తీసి పారేసిన కేబేజీలు ఓ మూల గుట్టగా పడున్నాయి. పురుగు పట్టిందనే కోతకు ముందు వాటి మీద రెండింతలు మందు కొట్టాడు. వాటినే సంచీలో వేసిచ్చాడు.

చిల్లులు చూసుకుని ఆమె మురిసిపోయింది.

“నీ పిల్లలు సల్లగుండాల బాబూ” అంది.

అప్పట్నుంచి వారం వారం వచ్చింది. వారం వారం అవే ఇచ్చాడు. పారబోసే సరుకు అమ్ముడుపోతుంటే ఎవడికి చేదు? ఆమె ఊరడిగాడే గానీ పేరడగలేదు.

చలికాలం పోయేవేళకి ఆమె రావడం మానేసింది. గంగరాజు పట్టించుకోలేదు.

ఒక ఉదయం పాతపట్నం నుంచి ఫోనొచ్చింది. మీ అప్ప మరిడమ్మ పోయిందని.

తల్లి పోయాక గంగరాజును ఎత్తుకు పెంచిన అక్క. బావ రెండో పెళ్లి చేసుకున్నప్పుడు, ఆ ఇల్లొదిలి తనతో వచ్చెయ్యమన్నాడు. అక్క రాలేదు. “నీ సవితి ఉన్నన్నాళ్లూ నీ గుమ్మం తొక్కను” అని ఒట్టేసుకుని వచ్చేశాడు. బావ పోయినప్పుడు కూడా ఆ పంతం విడవలేదు. అక్కకు జబ్బన్న మాట కూడా అతని చెవిన పడలేదు.

పడుతూ లేస్తూ పాతపట్నం వెళ్లాడు.

అక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది కేబేజీల మనిషి.

“నువ్వా” అన్నాడు గంగరాజు.

“తిరగబెట్టేసింది బాబూ. ఆకరి దాకా నీ మడిలో కేబేజీయే తింది. ‘మా తమ్ముడు ఇంటి మడికి మందు కొట్టడే’ అని ముద్ద ముద్దకీ అనీది.”

గంగరాజుకు ఏడుపు కూడా రాలేదు. ఏ మొహం పెట్టుకుని ఏడుస్తాడు? అక్క నోటికి ఆ విషం అందించింది తన చెయ్యే.

“మరి ఆ కేబేజీలు మా అప్పకని ఒక్క మాట సెప్పకపోయావా?”

“నానెవులో తెలిస్తే నువ్వు తరిమేస్తావంది. సెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

“ఎవులు నువ్వు?”

పక్కింటి జోగయ్య అందుకున్నాడు.

“మీ అప్ప సవితి బాబూ. నువ్వు రాని ఇన్నేళ్లూ ఆమెకి తోబుట్టువు కూడా ఈవిడే.”