రెండు సుద్దగీతలు

“పక్కనే కూర్చున్నారు కదండీ! గిన్నె మాడి బొగ్గయిపోతుంటే మీ ముక్కేం చేస్తోంది?”

భార్య నల్లబడ్డ పాలగిన్నె తెచ్చి అతని ముందు ఠపీమని పెట్టింది. అతను స్టవ్వుకి మూరెడు దూరంలోనే కూర్చుని బీరు ట్యాంకుల నిన్నటి ఉష్ణోగ్రతల కాగితం చూసుకుంటున్నాడు. పాలు పొంగి, ఇగిరి, మాడేదాకా అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

“పొగ రాలేదే,” అని నసిగాడు.

“పొగొచ్చేదాకా ఆగాలా? డాబా మీద బట్టలారేస్తున్న నాకొచ్చింది వాసన! వదినా, మీరైనా చూడకూడదూ?”

కిటికీ దగ్గర రబ్బరు గొట్టానికి క్లిప్పు బిగిస్తున్న అక్క తలెత్తకుండానే నవ్వింది. “నన్ననకమ్మా. పొద్దుట్నుంచీ ఈ గొట్టం నా ప్రాణం తోడేస్తోంది. గిన్నె నేను తోముతాలే.”

అని తమ్ముడి వైపు చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది. అక్కకి తెలిసిపోయిందా?

నెలన్నర కిందట పట్టిన జలుబు పోతూ పోతూ అతని ముక్కుని వెంటబెట్టుకుపోయింది. సబ్బు, డీజిలు, భార్య తలనూనె, ఏదీ తెలియడం లేదు. డాక్టరు “రావచ్చు, రాకపోవచ్చు” అని ఊరుకున్నాడు. ఇంకొకరికైతే అదో చిన్న లోటు. ఇతను బీరు చేసేవాడు. మంచం దిగకుండానే, కింద మరుగుతున్న కాగులో, బీరుకి చేదునిచ్చే హాప్ పూలు ఎప్పుడు పడ్డాయో చెప్పగలిగిన మనిషి.

ఇంటి కింది అంతస్తంతా వాళ్ల కార్ఖానా. నాలుగు స్టీలు ట్యాంకులు, గోడవారన బార్లీ బస్తాలు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లే నడుపుతున్నారు. పెద్ద కంపెనీల్లో పరీక్షలకి యంత్రాలుంటాయి. ఇక్కడున్నవి రెండు ముక్కులు. ట్యాంకు తెరిచాక ముందు తమ్ముడు, తర్వాత అక్క వాసన చూసి, గుక్కెడు తాగి, గోడకున్న నల్లపలక మీద చెరో సుద్దగీత గీయాలి. రెండు గీతలూ పడితేనే సరుకు పీపాల్లోకి వెళ్తుంది. “ఒక ముక్కు పొరపడొచ్చు గానీ, రెండూ ఒకేసారి పొరపడవు,” అనేవాడు తండ్రి.

ఈ నెలన్నరలో అతను ఐదుసార్లు గీత గీశాడు, వెనకాల అక్క ఉందన్న ధైర్యంతో.

కానీ ఇవాళ తెరవాల్సింది మూడో ట్యాంకు. వారం కిందట కరెంటు పోయి, చల్లబరిచే యంత్రం సగం రోజు ఆగిపోయింది. లోపల వేడెక్కితే, బీరుని పులియబెట్టే ఈస్టు దెబ్బతిని, బీరుకి గోళ్లరంగు వాసన పట్టుకుంటుంది. నాలుకకి చేదూ పులుపూ ఇంకా తెలుస్తున్నాయి గానీ ఆ వాసన తెలిసేది ముక్కుకే. పన్నెండు పీపాలు కొత్త హోటలుకి వెళ్లాలి. మొదటి ఆర్డరు. ఆ హోటలాయన ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడంటే, ఊళ్లో ఇంకెవరూ వీళ్ల గడప తొక్కరు.

ఇద్దరూ కిందికి దిగాక అక్క మూడో ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసు నింపి అతని చేతికిచ్చింది. “ఊఁ, కానీ.”

“ఇవాళ ముందు నువ్వు చూడక్కా.”

“ఎందుకూ?” అక్క గొంతు చటుక్కున మారింది. “నాన్న పెట్టిన పద్ధతి. నువ్వే ముందు.”

అతను గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చాడు. సున్నం గోడని వాసన చూసినట్టుంది. గుక్కెడు తాగాడు. చల్లగా, చేదుగా ఉంది, అంతే. చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెబితే? ఇరవై ఏళ్లుగా చేసిన పని, అది తప్ప ఇంకేదీ చేతకాని పని, ఈ నిమిషంతో సరి. అక్క రెప్ప వేయకుండా అతని మొహమే చూస్తోంది. ఎక్కడ దొరికిపోతానోనని మొహాన నవ్వు పులుముకుని, “భేషుగ్గా ఉంది,” అన్నాడు. సుద్దముక్కతో గీసిన గీత వంకర పోయింది.

అక్క గ్లాసు అందుకుంది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. తాగింది. అతను ఉండబట్టలేక అడిగాడు.

“గోళ్లరంగు వాసన లాంటిదేమైనా...”

అక్క కళ్లు తెరిచి మళ్లీ అతన్నే చూసింది. “నీకు తగిలిందా?”

“అబ్బే, లేదు లేదు!”

“మరింకేం?” అని రెండో గీత నిటారుగా గీసింది.

పీపాలెత్తించుకోవడానికి వచ్చిన వ్యాను డ్రైవరు పలక చూసి చేతులు దులుపుకున్నాడు. “అక్కగారి గీత పడిందిగా! ఇంక మనకి దిగులేంటి సారూ?”

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చునేసరికి వ్యాను వీధి మలుపు తిరిగింది. అతను కంచంలో అన్నం కెలుకుతున్నాడు. ఇవాళంటే అక్క ఉంది కనక గట్టెక్కాడు. ఇలా రోజూ చచ్చి బతకడం ఎన్నాళ్లు?

“ఒక మాట చెప్పాలి,” అన్నాడు కంచంలోకి చూస్తూ. “నెలన్నరగా నాకు వాసన తెలియడం లేదు. పొద్దున పాలు మాడిందీ అందుకే. ఇకమీదట నేను గీత గీయను. ఆ పని అక్క ఒక్కతే చూసుకుంటుంది. నేను బస్తాలు మోస్తాను, ట్యాంకులు కడుగుతాను.”

భార్య గరిటె కింద పెట్టేసింది. “ఇన్నాళ్లూ మాటవరసకైనా చెప్పలేదేంటండీ! గిన్నె కోసం పొద్దున్నే మిమ్మల్ని అన్నేసి మాటలన్నాను...” ఆమె పైటకొంగుతో కళ్లొత్తుకుంది. “పోనీలెండి. వదినున్నారు కదా.”

గుండెల మీంచి బండ దింపినట్టయి, అతను తేలిగ్గా ఊపిరి తీసుకుని అక్క వైపు చూశాడు.

అక్క మొహం పాలిపోయి ఉంది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్లు మాత్రం కిటికీలోంచి వ్యాను వెళ్లిన దారినే చూస్తున్నాయి.

“నాకు వాసన తెలియక రెండేళ్లయిందిరా.”