ఎంగిలి చెంచా

ఇప్పుడు అందరి వంటిళ్లలోనూ మందుల పెట్టె ఉంది. ఎంగిలి చెంచా పెడితే చాలు, ఆ మనిషి జబ్బుకు తగిన మాత్ర చేసిస్తుంది. జ్వరంతో ఉన్న మనవరాలికి జావ తాగించబోతూ, వేడి చూడ్డానికి తాను నాకిన చెంచానే ఓబులమ్మ పొరపాటున అందులో పెట్టేసింది.

వచ్చిన మాత్ర మీది పేరు చదివి కోడలు అత్త వైపు తిరిగింది.

“ఇది జ్వరానికి కాదత్తా. మరుపు తెచ్చే ఎంజైమును ఆపేది. నీకే! మాకేంటికి చెప్పలా?”

“ముసల్దాని మరుపుకు మందేంటికి? బిడ్డను చూడు.”

“పాప చెంచా పెట్టినాను, దానికీ చేస్తాండాదిలే. నువ్వు మింగు.”

“మింగితే పోయినవన్నీ తిరిగొస్తాయా?”

“రావత్తా. ఇప్పుడు గుర్తుండేవి మాత్రం ఇంక పోవు.”

ఓబులమ్మ మాత్రను గుప్పిట్లో దాచి, రెండో చేత్తో కోడలి చెయ్యి పట్టుకుంది.

“ఉండు మరి. మింగకముందే నీ పేరు చెప్పు తల్లీ.”