అతిథుల సీటు

“అత్తా, ఆ మూట పక్కన పెట్టి బండెక్కు. గుట్ట మీదిదాకా తీసుకెళ్తా,” అన్నాడు మెకానిక్.

గోల్ఫ్ క్లబ్బు గదుల దుప్పట్లు ఉతికే అతని మేనత్త నమ్మలేకపోయింది. పదేళ్ల పనిలో అతిథుల్ని తిప్పే బ్యాటరీ బండి ఎక్కడం ఇదే మొదలు. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, సీటు అంచున ఒద్దికగా కూర్చుంది.

“చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగాన్రా. ఇన్నాళ్లకి నువ్వు తిప్పుతున్నావు,” అంది, గుమ్మంలో నిలబడ్డ తోటివాళ్లకు వినబడేలా.

అతని చూపంతా సీటు కింది బ్యాటరీకి తగిలించిన మీటరు మీదే ఉంది. సగం దూరం ఎక్కేసరికి బండి మూలగసాగింది. ఎలాగో పైకి చేరింది.

పైన నిలబడ్డ మేనేజరు అడిగాడు. “ఏం తేలింది?”

“ఖాళీ బండిలో ఆరు బ్యాటరీలూ బాగానే చూపిస్తున్నాయండి. బరువు పడితేనే ఏది చచ్చిందో తెలుస్తుంది. మొదటిది బాగుంది.”

“బరువుకి ఒక్క మనిషి సరిపోతుందా?”

“మా అత్త చాలండి. ఇద్దరి పెట్టు.”

మేనేజరు నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వాడు.

“ఇంకా ఐదున్నాయత్తా. నువ్వు నడిచి కిందికి రా. దిగేటప్పుడు బరువెందుకు, బ్రేకులు అరుగుతాయి.”

మోకాళ్లు పట్టుకుంటూ ఆవిడ కిందికి వచ్చేసరికి, అతను మీటరును రెండో బ్యాటరీకి మార్చి ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ తిన్నగా వెళ్లి తడి దుప్పట్ల మూట తెచ్చి సీటు మీద పడేసింది. నీళ్లు కారాయి.

“సీటు తడుస్తుందత్తా.”

“తడివైతేనే బరువుంటాయి మెకానిక్‌గారూ,” అని మూట పక్కన కూర్చుంది.